అడవి లెక్క గ్రామసభలోనే తేలాలి

2023 డిసెంబరు 1న దుబాయ్ వాతావరణ సదస్సులో మన ప్రధాని 'గ్రీన్ క్రెడిట్' పథకాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. క్షీణించిన అటవీ భూముల్లో డబ్బు పెట్టి మొక్కలు నాటిస్తే కంపెనీలకు క్రెడిట్లు వస్తాయి. సరిగ్గా అదే రోజు మన దేశంలో సవరించిన అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. కొన్ని రకాల అటవీ భూములకు, కొన్ని ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి అక్కర్లేదని ఆ సవరణ చెప్పింది. అక్కడ అడవి పెంచుతామన్నారు, ఇక్కడ అడవికున్న తలుపు తీశారు. ఈ రెండింటిలో దేనికీ పిట్లం మండలంలోని ఏ తండానూ అడగలేదు.

'క్షీణించిన అడవి' అంటే కాగితం మీద ఖాళీ జాగా. మన కళ్లకు అది పశువులు మేసే బీడు, తునికాకు కోసే గుట్ట, సీతాఫలాలు ఏరుకునే పొద, తాతల నాటి పోడు. అక్కడ గుంత తవ్వితే పోయేది ఎవరి బువ్వ?

అంతర్జాతీయ ఒప్పందాల్లో మాటలకు లోటు లేదు. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం 8(జె) అధికరణ ఆదివాసీల, స్థానిక సముదాయాల జ్ఞానాన్ని వాళ్ల ఆమోదంతో, భాగస్వామ్యంతోనే వాడాలంటుంది. ఆదివాసీ హక్కుల ప్రకటనకు 2007లో ఐక్యరాజ్యసమితిలో భారత్ అనుకూలంగా ఓటేసింది. అడవుల ద్వారా కర్బనం తగ్గించే పథకాల్లో ఆదివాసీలకు 'పూర్తి, సమర్థ భాగస్వామ్యం' ఉండాలని 2010లో కాంకూన్‌లో తీర్మానించారు. కానీ ఆదివాసీల హక్కులను ప్రభుత్వాలపై బాధ్యతగా పెట్టే అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందాన్ని మాత్రం భారత్ నేటికీ ఆమోదించలేదు. ఓటు వేయడానికి ముందుంటారు, కట్టుబడే కాగితం దగ్గర వెనక్కి తగ్గుతారు.

జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ తర్వాత రెండేళ్లు అధ్యక్ష స్థానం భారత్‌దే. 8(జె) అధికరణను ఊరూరికీ తెచ్చి వివరించడానికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది? ప్రపంచం మన రాజధానికి వచ్చి పోయింది, మన తండాకు మాత్రం ఆ కబురు రాలేదు.

"తండా మనిషి దుబాయ్ పోయి ఏం మాట్లాడతాడు?" అని ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. మేం విమానం టికెట్ అడగడం లేదు. అడవి గురించి అక్కడ మాట ఇచ్చే ముందు ఇక్కడ గ్రామసభను అడగమంటున్నాం. ఇంట్లో అడగకుండా బజార్లో ఒప్పుకున్న బేరం చెల్లదు.

అడిగే దారి చట్టంలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం 2006 గ్రామసభకు హక్కులు తేల్చే ప్రక్రియ మొదలుపెట్టే అధికారం ఇచ్చింది. 3(1)(ఐ) కింద సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 4(5) కింద హక్కుల విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. మన మండలం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పీసా చట్టం రక్షణ గానీ, 1997 నాటి సమతా తీర్పు అండ గానీ మనకు లేవు. ఉన్నదల్లా ఈ ఒక్క చట్టమే. దాన్నీ తొలిచేస్తున్నారు. అటవీ భూమి మళ్లింపుకు కేంద్రం తుది అనుమతి ఇచ్చే ముందు గ్రామసభ సమ్మతి తేలాలన్న షరతును 2022 నిబంధనలు తీసేసి, ఆ పనిని రాష్ట్రాల మీదికి నెట్టాయి. అంతకుముందు 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణకు గురైన వాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా గగ్గోలు లేచాక ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని నిలిపింది. కత్తి దింపలేదు, పట్టి ఆపారంతే.

2023లో రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ అవి విడివిడి పట్టాలు. అడవిని ఊరే నిర్వహించుకునే సామూహిక హక్కు దక్కనిదే, కంపెనీ మొక్కలతో వచ్చినప్పుడు 'వద్దు' అనే బలం ఊరికి ఉండదు.

ఇది తండాల గొడవే అనుకునే పట్టా రైతులకు ఒక మాట. అంతర్జాతీయ పత్రాల్లో ఆదివాసీల పక్కనే 'స్థానిక సముదాయాలు' అని రాసి ఉంటుంది. అడవి అంచున దున్నుకునే మనమే ఆ సముదాయాలం. రెవెన్యూ పట్టా ఇచ్చిన భూమిని అటవీ శాఖ తనదనడం మనకు కొత్త కాదు. ఈరోజు తండా నోరు మూయిస్తే రేపు మన గెట్టు దగ్గరికి వస్తారు.

అందుకే డిమాండ్ చేస్తున్నాం:

- అడవుల మీద అంతర్జాతీయ సదస్సుల్లో ప్రభుత్వం చెప్పబోయే మాటను ముందే తెలుగులో గ్రామసభల ముందు పెట్టాలి, వాటి అభిప్రాయం తీసుకోవాలి.
- గ్రామసభ తీర్మానం లేకుండా గ్రీన్ క్రెడిట్ పేరుతో గానీ, పరిహార వనాల పేరుతో గానీ ఒక్క గుంతా తవ్వరాదు.
- అర్హత గల ప్రతి తండాకు, ఊరికి సామూహిక అటవీ హక్కు పత్రం ఇవ్వాలి.
- తిరస్కరించిన దరఖాస్తులను కారణం రాసి తిరిగి గ్రామసభకు పంపాలి.

రాబోయే గ్రామసభలో ప్రతి ఊరు ఈ నాలుగింటిపై తీర్మానం చేయాలి. రిజిస్టర్‌లో రాయించి, సంతకాలు చేసి, నకలు తీసుకోవాలి. ఆ కాగితం తహసీల్దార్ కార్యాలయంతో పాటు కలెక్టరేట్‌కూ చేరాలి. అడవిని కాపాడిన చేతులే అడవి గురించి సంతకం చేయాలి.