చెట్టుతోపాటు చిమ్మట కూడా: మా ప్రణాళిక

మేము అమెరికాలోని మొహావి ఎడారి అంచున ఉంటున్నవాళ్లం. జాషువా చెట్లు చూడటానికి ఏటా లక్షల మంది ఇక్కడికి వస్తారు. ఆ చెట్టు కాయ కాసేది గోరంత యుక్కా చిమ్మట వల్లేనని వాళ్లలో చాలామందికి తెలియదు.

ఎడారి పడమట టెజెటిక్యులా సింథెటికా, తూర్పున టెజెటిక్యులా యాంటిథెటికా అనే చిమ్మటలు ఈ పని చేస్తాయి. రెండోది వేరే జాతి అని శాస్త్రజ్ఞులు తేల్చింది 2003లోనే. ఆడ చిమ్మట నోటి దగ్గరి అవయవాలతో పుప్పొడిని ఉండచుట్టి మరో పువ్వుకు మోసుకెళ్తుంది. అండాశయంలో గుడ్లు పెట్టి, కీలాగ్రానికి పుప్పొడి అద్దుతుంది. దాని పిల్లపురుగులు కొన్ని గింజలు తింటాయి, మిగిలినవి చెట్టువి. ఈ చెట్టుకు పరాగ సంపర్కం చేసే పురుగు మరొకటి లేదు.

కాబట్టి మేము కట్టుబడే సూత్రాలు ఇవి:

1. రెంటినీ విడదీయం. పడమటి జాషువా చెట్టు కోసం కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టాన్ని స్వాగతిస్తున్నాం. చిమ్మటకూ రక్షణ కోరుతున్నాం.

2. చెట్టు కింది నేలను తొక్కం. పిల్లపురుగులు కాయలోంచి దిగి మట్టిలోనే గూడు కట్టుకుంటాయి. అక్కడ బండి తోలం, గుడారం వేయం.

3. చెట్టును పెకలించి మరోచోట నాటితే కాపాడినట్టేనని ఒప్పుకోం. గూళ్లున్న మట్టి పాతచోటే ఉండిపోతుంది.

4. మిగిలిన పెద్ద చెట్లకే మొదటి కాపలా. 2020 ఆగస్టులో సిమా డోమ్ మంటల్లో దాదాపు 13 లక్షల జాషువా చెట్లు పోయాయని అంచనా. నాటిన మొక్క పూతకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. అందాకా చిమ్మటకు దిక్కు ఆ పెద్ద చెట్లే.

5. పూత చూసి సంబరపడం, కాయలు లెక్కిస్తాం. గింజ పట్టిందంటే చిమ్మట వచ్చినట్టే. లెక్క కోసం దాన్ని పట్టం, చంపం.

6. చిమ్మటను త్యాగమూర్తిగా చిత్రించం. అది తన పిల్లల తిండి కోసమే పాటుపడుతుంది. దాన్ని కాపాడటానికి ఆ నిజం చాలు.

వసంతంలో పూసిన జాషువా చెట్టు దగ్గరికి వచ్చేవారు బాట దిగకండి. చెట్లు తొలగించే అనుమతి మీద ప్రజల మాట అడిగినప్పుడు, చెట్ల లెక్కతోపాటు చిమ్మటల సంగతీ తేల్చమని పట్టుబట్టండి.