1932 నాటి కాగితం, 2027 నాటి లెక్క: టెల్కో కాలనీ తెలుగువారు ఎక్కడివారు?

దేశం మరోసారి తనను తాను లెక్కించుకుంటోంది. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జరిగే జనగణనలో ప్రతి మనిషీ ఒక అంకెగా నమోదవుతాడు. జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. కానీ అదే కుటుంబాలు తాము ఝార్ఖండ్ స్థానికులమని చెప్పుకోవాలంటే జనగణన సరిపోదు. అక్కడ అడుగుతున్నది వేరొక కాగితం. దాని పేరు ఖతియాన్. మన అడంగల్ వంటి భూమి రికార్డు అది.

ఈ రెండు కాగితాల మధ్య దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే ఒక చిన్న గ్రామం కథ తెలియాలి. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలో సాక్చి అనే పల్లె ఉండేది. బొగ్గు, ఇనుప ఖనిజం, నీరు, రైలుమార్గం అందుబాటులో ఉన్నందున ఉక్కు కర్మాగారానికి ఆ చోటును ఎంచుకున్నారు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సమీపంలోని కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. 1911 జనగణనలో 5,672గా ఉన్న జనాభా 1921 నాటికి 57,360కి చేరింది. పదేళ్లలో పది రెట్లు! 2011 నాటికి చుట్టుపక్కల పట్టణాలతో కలిపి అది 13 లక్షలు దాటింది.

ఈ పెరుగుదల పుట్టుకల వల్ల వచ్చింది కాదు, వలస వల్ల వచ్చింది. తెలుగువారి రాకకు రైలు దారి చూపింది. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్, అక్కడి నుంచి టాటానగర్. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు కొలుముల దగ్గర, రైలు షెడ్లలో కుదురుకున్నారు. 1945లో రైలు ఇంజన్ల తయారీకి టెల్కో ఏర్పడింది. 1954లో డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలైంది. కర్మాగారం వెంట కాలనీ పెరిగింది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారినా, కాలనీ మాత్రం టెల్కోగానే మిగిలింది.

కంపెనీ పట్టణంలో ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. నగర భూమిలో అధికభాగం ప్రభుత్వం నుంచి కంపెనీకి లీజుపై వచ్చినదే. కనుక ముప్పై నలభై ఏళ్లు పనిచేసిన కార్మికుడి పేరు కూడా హాజరు పట్టీలో ఉంటుంది, ఓటరు జాబితాలో ఉంటుంది, జనగణన లెక్కలో ఉంటుంది. భూమి రికార్డులో మాత్రం ఉండదు.

సరిగ్గా ఆ రికార్డే ఇప్పుడు కొలబద్ద కాబోతోంది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం 1985ను గడువుగా తీసుకొని స్థానికతను నిర్ణయించింది. 2022 నవంబరు 11న శాసనసభ ఆమోదించిన బిల్లు దానిని 1932కు, అంతకు ముందటి సర్వేలకు జరిపింది. గవర్నర్ వెనక్కి పంపగా, 2023 డిసెంబరులో సభ మళ్లీ ఆమోదించింది. రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూలులో చేరితేనే అది అమలవుతుందని బిల్లులోనే రాశారు. భూమి లేనివారిని భాష, ఆచారాల ఆధారంగా గ్రామసభ గుర్తించవచ్చన్న వెసులుబాటు ఉంది. కానీ టెల్కో కాలనీలో గ్రామసభ ఎక్కడిది? ఝార్ఖండ్ గుర్తించిన ద్వితీయ అధికార భాషల్లో తెలుగు లేదు కూడా.

అయితే ఈ బిల్లు వెనుక ఉన్న వేదనను తేలికగా చూడరాదు. సంతాలులు, హో, భూమిజ్ ప్రజల నేల మీదే ఈ నగరం లేచింది. ఊరికి పేరు మారింది, పని దొరికినచోటల్లా బయటివారు నిండారు. తమ గడ్డపై తామే అల్పసంఖ్యాకులమయ్యామన్న బాధ నుంచి 1932 డిమాండ్ పుట్టింది. కానీ ఆ సంవత్సరం ఆదివాసులందరికీ సరిపోతుందా అంటే అదీ లేదు. కొల్హాన్ ప్రాంతంలో సర్వేలు వేరే సంవత్సరాల్లో జరిగాయని, ఈ కొలబద్ద తమవారికే అన్యాయం చేస్తుందని అక్కడి నాయకులే అభ్యంతరం చెప్పారు.

కాగితం ఎంత బలమైనదో, ఎంత బలహీనమైనదో పాలస్తీనా పల్లెలు చెబుతాయి. బ్రిటిష్ పాలనలో 1922, 1931ల్లో అక్కడ జనగణన జరిగింది. 1945లో ఊరూరా జనాభా, భూమి వివరాలు పట్టికలకెక్కాయి. 1948 యుద్ధంలో నాలుగు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఏడు లక్షల మందికి పైగా నిరాశ్రయులయ్యారు. ఫలానా ఊళ్లో ఇంతమంది ఉండేవారని చెప్పడానికి నేటికీ ఆ పట్టికలే సాక్ష్యం. ఊరు ఉండేదని అవి నిరూపించాయి గాని, ఊరిని తిరిగి ఇవ్వలేకపోయాయి. జంషెడ్‌పూర్‌ది యుద్ధం కథ కాదు, పొట్టకూటి కథ. పోలిక ఒక్కటే: ఎక్కడైనా, ఏ సంవత్సరపు లెక్కను ప్రమాణంగా తీసుకుంటారో, ఆ లెక్కలో లేనివారు చరిత్రలోనూ లేనట్టే అవుతారు.

సాక్చి మూలవాసులకు భూమి జ్ఞాపకం ఉంది, భూమి లేదు. టెల్కో తెలుగువారికి శ్రమ జ్ఞాపకం ఉంది, కాగితం లేదు. మొదటివారికి న్యాయం చేయడానికి రెండోవారిని చెరిపివేయనక్కరలేదు. ఆదివాసుల భూమికి, ఉద్యోగ వాటాకు గట్టి రక్షణ కల్పిస్తూనే, పాఠశాల చదువు, నివాస కాలం, సర్వీసు రికార్డు వంటి ఆధారాలతో పారిశ్రామిక కార్మికుల సంతానానికి స్థానికత ఇచ్చే దారి చట్టంలోనే ఉండాలి.

జనగణన చట్టం ప్రకారం వ్యక్తిగత వివరాలు గోప్యం. అవి ఎవరి హక్కుకూ రుజువు కావు. అయినా మాతృభాష గడిలో రాసే సమాధానానికి విలువ ఉంది. ఇంట్లో హిందీ కలిసిపోయినా, చిన్ననాడు తల్లి మాట్లాడిన భాషే మాతృభాష అని జనగణన నిర్వచనం. ఎంతమంది ఉన్నారో తెలియని భాషకు బడి అడగడం కష్టం. గణకుడు తలుపు తట్టినప్పుడు టెల్కో కాలనీ తెలుగు కుటుంబాలు తమ భాష పేరు స్పష్టంగా చెప్పడం, ఆ నేల మీద తమ ఉనికిని నమోదు చేసుకోవడమే.