జిన్నియా మడిని పీకేయొద్దు

హాస్టలు ముందున్న జిన్నియా మడిని మీరంతా చూస్తూనే ఉన్నారు. కింది ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. అది బూడిద తెగులు. అన్నీ పీకేసి క్రోటన్లు పెడదామని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. తప్పు మొక్కది కాదు, మనదే.

పోయినేడు మా ఇంటి ముందు కూడా ఇలాగే అయింది. సెలవులు అయిపోయి బడికి వచ్చే ముందు గుప్పెడు గింజలు ఒక్కచోటే చల్లి వచ్చేశాను. వారం తిరక్కుండా అన్నీ మొలిచాయట. పీకడానికి ఎవరికీ మనసు రాలేదు. దసరాకి వెళ్లి చూస్తే పొడుగ్గా, సన్నగా, తెల్లబడిన ఆకులతో నిలబడి ఉన్నాయి. మా అమ్మమ్మ, "చోడి నారు ఇలాగే ఊడుస్తామేటే? మొక్కకీ మొక్కకీ గాలాడొద్దా?" అంది. అమ్మమ్మ చదువుకోలేదు గాని మాట మాత్రం నిజం.

అలాగని దూరం దూరంగా వేస్తే మడి బోసిగా ఉంటుంది. ఒత్తుగా ఉంటేనే అందం. కాబట్టి నేను చెప్పేది ఇది. మొక్కకీ మొక్కకీ కనీసం జానెడు, వీలైతే అడుగు దూరం ఉండాలి. మొక్క జానెడు ఎత్తు ఎదిగాక తల తుంచాలి. అప్పుడు పక్క కొమ్మలు వేసి, తక్కువ మొక్కలతోనే మడి నిండుతుంది. వాడిన పూలు ఎప్పటికప్పుడు కోసేస్తే మళ్లీ మొగ్గలు వేస్తాయి.

ఇక నీళ్ల సంగతి. ఆటలయ్యాక చీకటి పడే వేళ మగ్గులతో నెత్తి మీద పోస్తున్నాం. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే మచ్చ తెగులు కూడా వస్తుంది. పొద్దున్నే మొదట్లో పోయాలి. వాన పడిన రోజు అసలు పోయక్కర్లేదు. కానీ మనం వంతు వచ్చింది కదా అని పోసేస్తున్నాం!

2015 చివర్లో అంతరిక్ష కేంద్రంలో పెంచిన జిన్నియాలకు కూడా తేమ ఎక్కువై బూజు పట్టింది. స్కాట్ కెల్లీ అనే వ్యోమగామి బూజు పట్టిన ఆకులు తీసేసి, ఫ్యాను గాలి పెంచి, ముందే రాసిపెట్టిన వేళల ప్రకారం కాకుండా మొక్కను చూసి నీళ్లు పోశాడు. కొన్ని చచ్చిపోయినా, మిగిలినవి 2016 జనవరిలో పూశాయి. ఆకాశంలో బతికించగా లేంది, కుళాయి పక్కన మనం బతికించలేమా?

వార్డెన్ గారికి నా మనవి. ఒక్క ఆదివారం మాకివ్వండి. తెగులు ఎక్కువున్న మొక్కలు, తెల్లబడిన ఆకులు తీసి దూరంగా పారేస్తాం. వాటిని ఎరువు గుంటలో వెయ్యం. ఒత్తుగా ఉన్నచోట పలచన చేస్తాం. నెల రోజుల్లో కొత్త చిగుళ్లు కూడా తెల్లబడితే అప్పుడు పీకించండి, నేనే ముందు పీకుతాను.

ఇంకొక్క మాట. మా గదిలో చాపలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఈ నెల నలుగురికి గజ్జి వచ్చింది. మొక్కలకే కాదు, మాకూ కొంచెం ఎడం కావాలండీ.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని