కలసి పోవు యాత్ర

ఒక పట్టణపు మహిళామండలి వారు మాకొక జాబు వ్రాసిరి. తాము ముప్పదిమంది కలసి బస్సొకటి మాట్లాడుకొని కార్తికమాసమున శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు చూడబోవుచున్నారట. రెండు దినములలో అరసవల్లి, శ్రీకూర్మము, శ్రీముఖలింగము, శాలిహుండము, రామతీర్థము, బొబ్బిలి, పొందూరు, ఈ యేడును చూడవలెనని వారి కోరిక. వేళలు, దూరములు తెలుపుడని మమ్మడిగిరి. అవి తెలుపుట సులభమే. కాని ముప్పదిమంది యొక్కపెట్టున దిగినప్పుడు ఆ యూరికేమగునో ఆ జాబులో నొక్కమాటయైన లేదు. ఈ మాసము దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

గుంపుగా యాత్ర చేయుట మనకు క్రొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడచి, దాదాపు నూరుగురు పరివారముతో కాశికి బోయి, జగన్నాథము మీదుగా నీ సముద్రతీరపు బాటనే తిరిగి వచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. ఇచ్ఛాపురము, శ్రీకాకుళము వారి త్రోవలోనివే. వారి యాత్రాచరిత్రము చదివినవారికొక సంగతి తోచును. ఏ మజిలీ చేరినను దేవాలయముతోపాటు నీరెట్టిది, అంగళ్లున్నవా, దినుసులు దొరకునా యని విచారించి వ్రాసికొనిరి. నూరుమందిని ఒక యూరిలో దించువారు ఆ యూరి నీటిని, బియ్యమును లెక్క చూడవలసినదే గదా! నేడు మనము నీటిసీసాల పెట్టెలు బస్సులో వేసికొని పోవుచున్నాము గనుక ఆ లెక్క మనకు పట్టదు. ఖాళీసీసాల లెక్క మాత్రము ఆ యూరివారి పాలగును.

సోదరీమణుల పట్టికలో పొందూరు చిట్టచివర నున్నది. మేమైతే దానిని మొదట వ్రాసియుందుము. అచ్చటి సన్నఖద్దరును గాంధీమహాత్ముడు మెచ్చుకొనిన మాట యెల్లరెరిగినదే. అది యెట్లు తయారగునో చూచినవారు తక్కువ. గింజతో నున్న ప్రత్తిని మొదట వాలుగుచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పండ్లవరుస నారలను సరిచేసి నలుసులను దిగదీయును. తరువాత గింజ వేరుచేసి, దూదియేకి, ఏకులు చుట్టి, అవి నలగకుండ ఎండిన అరటిదొప్పలో నుంచుకొని రాట్నముపై వడుకుదురు. నూరవ నంబరు నూలు ఈ విధముగా చేతితోనే వచ్చుచున్నది. వడుకుట స్త్రీల పని. వారిలో పెక్కండ్రు వృద్ధులు. కూలి స్వల్పమగుటచే కూతుండ్రును కోడండ్రును ఆ రాట్నము ముందు కూర్చుండుటకు ఇష్టపడుట లేదు.

ఇప్పుడు ఆలోచింపుడు. ముప్పదిమంది యొక మామ్మ వాకిట నిలిచి, ఆమెచేత దవడయెముక పట్టించి, ఒకరికి చిత్రము సరిగా రాలేదని మరల దువ్వించి, మరియొకరు రాట్నము తాము త్రిప్పి చూచెదమని దారము తెంపి, తుదకు ‘ఎంత నేర్పు!’ అని బస్సెక్కినచో ఆమెకు దక్కినదేమి? అరపూట నూలు పోయినది. కూలి నూలును బట్టి వచ్చునే గాని చూపరులకు చూపినందుకు రాదు. మెచ్చుకోలుతో పొయ్యి రాజదు. కావున అయిదారుగురు చొప్పున మాత్రమే ఒక యింటికి పోవలెను. ముందుగా కబురంపి, వారికి వీలైన వేళ నడుగవలెను. ఆ పూట పనికి ఎంత వచ్చునో అంతకు తక్కువగాకుండ మండలి సొమ్ములోనుండి ఇయ్యవలెను. అది దానము గాదు, కూలి. పెద్దామెను ‘ఏమే, ఇటు చూడు’ అనక, ఆ సీమవారి వలెనే ‘అప్పా’ యనియో ‘మామ్మా’ యనియో పిలువవలెను. గుడ్డ కొనదలచినవారు ఖాదీసంఘము దుకాణములో వ్రాసియున్న వెలకే కొనవలెను. పట్టుచీరకు వేలు లెక్కపెట్టి యిచ్చు చేతులు ఖద్దరుకడ బేరమునకు దిగుట మాకు ఎన్నడును బోధపడలేదు.

బొబ్బిలియందును ఇంతే. 1757 నాటి యుద్ధము కథలచే కోటను జూడబోవువారు చాలమంది. ఆ ప్రాంతముననే గొల్లపల్లిలో సర్వసిద్ధులవారు పనసమ్రానును ఒక్క దుంగగా దొలిచి వీణలు చేయుదురు. అతుకులేని ఆ వీణ నందరమును కొనలేము. బల్లపై నుంచుకొను చిన్నవీణలు గలవు. ఒకటి కొన్నను చేసినవారి చేతిలోనే సొమ్ము పెట్టుడు.

తిథి సంగతి కూడ చెప్పవలసియున్నది. 2025వ సంవత్సరము నవంబరు 1వ తేదీన, కార్తిక ఏకాదశినాడు, శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి యాలయమున తొక్కిసలాట జరిగి తొమ్మండుగురు ప్రాణములు విడచిరి. వారిలో దాదాపందరు స్త్రీలే. దీపము పెట్టి, సాయంకాలమునకు ఇల్లు చేరుదుమని పోయినవారు! తప్పెవరిదను విచారణ మాది గాదు. కాని దూరపు పట్టణమునుండి బస్సులో పోవు మనకు ఆ దినముననే యా గుడికి పోవలసిన నిర్బంధమేమి? పర్వదినము ఆ చుట్టుప్రక్కల గ్రామముల స్త్రీలది. వారికి మ్రొక్కులున్నవి, కూలిమాని వచ్చుటకు వారికి దొరకునది ఆ యొక్కదినమే. మన ముప్పదిమంది ఆ వరుసలో చేరుట వారికి ఇరుకు, మనకు అపాయము. అరసవల్లిలో రథసప్తమి, సూర్యకిరణములు స్వామి పాదములు సోకు మార్చి, అక్టోబరు దినములు, విజయనగరమున దసరా తరువాతి మంగళవారపు సిరిమాను, ఇవన్నియు నిట్టివే. సిరిమానును చూడవలెనని గాఢమైన కోరిక గలవారు ఆ యూరిలో బంధువుల యింట దిగి, వారివెంట పోయి చూచుట మేలు. మిగిలినవారికి ఒక బుధవారమో, గురువారమో చాలును. శ్రీకూర్మములో గోడలపై చిత్రములను నిదానముగా చూచుటకు, చేతితో తాకకుండ నిలుచుటకు, తీరిక దినముననే వీలగును.

శ్రీముఖలింగము, శాలిహుండము రెండును వంశధార యొడ్డున నున్నవి. మొదటిది గాంగరాజుల కళింగనగరమని చరిత్రకారులందురు. రెండవదానిలోని బౌద్ధశిథిలములను 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోనికి దెచ్చిరి. శాలిహుండపు కొండపై నెండ హెచ్చు, ఉదయమే యెక్కుడు.

పంతులుగారి పేరు వచ్చినది గనుక నొకమాట. సీతంపేట మన్యమున, అనగా 2022లో నేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో, సవరల గ్రామములను గూడ చూచి వత్తుమని జాబు క్రింద మరియొకరి చేవ్రాతతో చేర్చియున్నది. సవరల గోడబొమ్మలు అలంకారమునకు వేసినవి గావు. పూర్వులకును దేవతలకును సంబంధించినవి. రామమూర్తిగారు వారిని గూర్చి వ్రాయుటకు ముందు సంవత్సరముల తరబడి వారి భాషను నేర్చికొనిరి. ఒక్క గంట తీరిక గలవారము, పిలుపు లేనిదే ఆ వాకిళ్లలో ప్రవేశింపకుండుట మర్యాద. ఆ బొమ్మలను నేడు కాగితముపైనను వేసి విక్రయించువారు గలరు; వారికడ కొనవచ్చును.

దానికి బదులు టెక్కలి దగ్గరి తేలినీలాపురము చూడుడని మా సలహా. చలికాలమున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇండ్ల నడుమ చెట్లపైననే గూళ్లు కట్టి పిల్లలను పెంచును. సైబీరియానుండి వచ్చునని వాడుక గాని ఇవి మన దేశపు పక్షులే. రెట్టల దుర్వాసన, రాత్రి యరుపులు సహించి ఆ గ్రామస్థులు వానిని శుభముగా భావించి కాపాడుచున్నారు. తమ పెరటి చెట్టు నొక అతిథికి విడచిన యిల్లాండ్రను అచ్చట చూడవచ్చును. చప్పట్లు కొట్టి పక్షులను లేపినచో గూటిలోని పిల్లలకు ఎండయు, కాకుల భయమును. బస్సు హారను ఊరి వెలుపలనే మాన్పింపుడు.

ఏడు స్థలములు రెండు దినములలో కాజాలవు. నాలుగు చాలును. బస్సే యక్కరలేదు, పొందూరునకు రైలుస్టేషను గలదు, అచ్చటినుండి ఆటోలు దొరకును, ఆ సొమ్ము ఆ యూరివారికే చెందును. శ్రీకాకుళమునకు టిక్కెట్టు తీయువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: శ్రీకాకుళము రోడ్డు అను స్టేషను ఆ పట్టణమున లేదు, ఆమదాలవలసలో నున్నది. రాత్రి బండిలో దిగువారు బస ఏర్పాటు ముందుగనే చూచుకొనుడు.