తెల్లని పన్ను, తెలియని లోహము

దంతవైద్యుని కడ వేలకొలది రూపాయలు చెల్లించి లోహముపై పింగాణి కప్పిన క్యాపు వేయించుకొనువారు దాని రంగు ప్రక్కపంటితో కలిసినదో లేదో యని అద్దములో పదిమార్లు చూచుకొందురేగాని, ఆ పింగాణి లోపలి లోహమును ఎట్లు పట్టుకొని యున్నదో విచారించువారు అరుదు.

1962లో వైన్‌స్టీన్ ప్రభృతులు అమెరికాలో పొందిన పేటెంట్లతో లోహముపై పింగాణిని నిలుపు విద్య కుదురుకొన్నది: సామాన్యమైన పింగాణి వేడికి లోహమంతగా వ్యాకోచింపదు గనుక, ల్యూసైటు అను ఖనిజపు స్ఫటికముల సాయమున ఆ వ్యాకోచమును లోహమునకు చేరువ చేసిరి. చేరువయే గాని సమానము గాదు. చల్లారునపుడు లోహము రవంత ఎక్కువగా సంకోచించి పింగాణిని ఒత్తిపట్టినపుడే అది పగుళ్లకు లొంగక నిలుచును. ఇక రసాయనబంధమునకు ఆధారము లోహముపై ఏర్పడు సన్నని ఆక్సైడు పొర: అది లేనిచో పట్టు చిక్కదు, నికెల్-క్రోమియము మిశ్రమములపై కొన్నియెడల ఏర్పడునట్లు మరీ దళసరియైనచో ఆ పొరయే పెచ్చుగా ఊడివచ్చును.

ఐఎస్ఓ 9693 ప్రమాణము ఈ బంధమునకు 25 మెగాపాస్కల్ బలమును కనీసముగా నిర్ణయించినది. అయితే ఆ బలమును కొలుచు పరీక్ష జరుగునది పలుచని లోహపు బద్దమీద. నోటిలోని క్యాపు బలము ల్యాబులోని పనివాని ఓర్పుమీద నిలిచియుండును, ఏలయన శుభ్రపరచిన లోహమును వట్టి వ్రేలితో తాకినను ఆ జిడ్డు పట్టును చెరుపగలదు.

నికెల్-క్రోమియము వంటి చౌక లోహమును నేను నిందింపను. పేరు చెప్పని లోహమును నిందింతును. నికెల్ పడని దేహములు గలవు గనుక, లోహమేదో వ్రాతమూలకముగా అడిగి పుచ్చుకొనుడు.