చేతి బ్రేకు వదులైతే

పోయిన నెల కుళాయి వాషరు సంగతి వ్రాసిన తరువాత మా వీధివారొకరు ఎదురుపడి, "కుళాయి సరే గాని గుమాస్తాగారూ, మా పాత కారు చేతి బ్రేకు వదులైపోయింది. దాని సంగతి కూడా ఒకమాటు వ్రాయరాదూ?" అన్నారు. వారికి తెలియదు గాని, చేతి బ్రేకు దగ్గర నేను ఒకసారి తప్పు చేసినవాణ్ణి. ముందు అది ఒప్పుకొని తరువాత పనిలోకి వస్తాను.

మా ఇంట ఉన్నది 2004లో తయారైన మారుతి 800. ఆ బండ్లు 1983లో మొదలై 2014 జనవరితో తయారీ ఆగిపోయినవి. చేతి బ్రేకు మీట వదులైనప్పుడల్లా నేను చేసిన పని ఒక్కటే: మీట మొదట్లో ఉన్న నట్టును కాస్త బిగించడం. షెడ్డువాడికి ఇచ్చే డబ్బు మిగిలిందని లోలోపల గర్వం కూడాను. ఇట్లా రెండేళ్ళలో నాలుగుసార్లు బిగించాను.

2018 కార్తీకమాసంలో ఒక సోమవారం మా అమ్మను హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుని గుడికి తీసుకొని వెళ్ళాను. ఏటవాలులోనే బండి ఆపి, మీట పైకి లాగి, పూలు కొనడానికి దిగాను. మోకాళ్ళ నొప్పి కాబట్టి అమ్మ వెనుక సీటులోనే ఉన్నది. గేరులో వేయలేదు, అది రెండో తప్పు. నేను బేరమాడుతూ ఉండగానే బండి మెల్లగా వెనక్కు కదిలింది. పూలమ్మే ఆమె కొడుకు పరుగెత్తి చక్రం వెనుక రాయి తోశాడు గనుక సరిపోయింది. అమ్మకు ఏమీ తెలియలేదు. "ఏమిరా, అప్పుడే బయలుదేరినామా?" అని అడిగింది. నాకు మాత్రం ఆ పూట దర్శనం సరిగా కాలేదు.

మా వీధిలో బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన ఉన్నారు. అందరికీ ఆయన మామ. మరునాడు ఆయన వెనుక చక్రం ఊడదీసి, డ్రమ్ము తీసి చూపించారు. బ్రేకు షూ మీది లైనింగు అట్టముక్కంత పలచబడి ఉన్నది. "నట్టు బిగించి కేబులు లాగినావు సరే నాయనా, లాగితే పట్టుకొనేదానికి అక్కడ ఏముంది?" అన్నారు.

అసలు కీలకం ఇదే. మీట లాగితే కేబులు వెనుక చక్రాల లోపలి షూలను విప్పి డ్రమ్ముకు అదుముతుంది. మీట ఎక్కువ పైకి రావలసివస్తున్నదంటే కేబులు సాగి ఉండవచ్చును, షూ అరిగి ఉండవచ్చును, లేదా షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగి ఉండవచ్చును. పాత బండికి ముందు అనుమానించవలసినది షూనే. కేబులు బిగిస్తే మీట గట్టిగా తోస్తుంది గాని, రోగం అట్లాగే ఉంటుంది.

కాబట్టి వరుస ఇది. బండిని చదునైన నేలమీద నిలిపి, ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మెలు పెట్టండి. మారుతికి ఇంజను శక్తి ముందు చక్రాలకే గనుక మొదటి గేరులో ఉంచవచ్చును. అంబాసిడరు, పద్మిని వంటివాటికి శక్తి వెనుక చక్రాలకు. గేరులో ఉంటే అవి చేత్తో తిరగవు, కాబట్టి వాటికి దిమ్మెలే దిక్కు. జాకీతో వెనుక భాగం లేపిన తరువాత గట్టి స్టాండు పెట్టనిదే చెయ్యి లోపలికి పోనివ్వవద్దు. ఇటుకలు పెట్టవద్దు, అవి పగులుతవి.

మీట పూర్తిగా దించి డ్రమ్ము తీసి చూడండి. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి. లైనింగు పలచబడినా, బ్రేకు నూనె కారి తడిసినా ఇక అది ఇంటి పని కాదు. షూలు మార్పించండి, రెండు చక్రాలకూ ఒకేసారి.

లైనింగు బాగుంటే డ్రమ్ము మరల బిగించి, కాలి బ్రేకును నాలుగైదుసార్లు గట్టిగా తొక్కండి. మా బండిలో షూ సందు దీనితో దానంతట అదే సర్దుకొంటుంది. కొన్ని పాత బండ్లకు చేత్తో తిప్పే అడ్జస్టరు ఉంటుంది. ఒక్కోసారి ఇంతటితోనే మీట బాగుపడి, నట్టు జోలికి పోనక్కరలేకుండా పోతుంది.

అప్పటికీ వదులుగా ఉంటేనే రెండు సీట్ల మధ్య మీట తొడుగు తీసి, నట్టును అరచుట్టు చొప్పున బిగించండి. ఒక్కొక్క అరచుట్టుకూ మీట లాగి ఎన్ని టకటకలు వస్తున్నవో లెక్కపెట్టండి. మీట కొనమీది బొత్తాము నొక్కితే శబ్దం రాదు, అది మరవవద్దు. మా బండికి ఆరు దగ్గర ఆపినాను. మీ బండి పుస్తకంలో ఉన్న సంఖ్యే మీకు ప్రమాణం.

ఇక అసలు పరీక్ష. మీట దించి వెనుక చక్రాలు చేత్తో తిప్పితే ఆనకుండా తిరగాలి. మీట లాగితే రెండూ సమానంగా పట్టాలి. దించినప్పుడు రాసుకొంటూ ఉంటే అతిగా బిగించినారన్నమాట. అట్లాగే నడిపితే డ్రమ్ము కాలుతుంది, పెట్రోలు వృథా. మీట దిగినా చక్రం వదలకపోతే కేబులు లోపల త్రుప్పు పట్టి ఉండవచ్చును. అది మార్చవలసినదే.

చివరగా, కొద్దిపాటి వాలులో, వెనుకా ముందూ ఎవరూ లేకుండా చూసుకొని, మీరే సీటులో ఉండి కాలు బ్రేకు దగ్గర పెట్టుకొని చూడండి. బాగున్నా సరే, వాలులో నిలిపేటప్పుడు గేరు వేయండి: ఎగువకు మొదటిది, దిగువకు రివర్సు.

ఇప్పుడు రెండు నెలలకొకమారు టకటకలు లెక్కపెడుతున్నాను. అమ్మకు ఆ సంగతి తరువాత ఎవరో చెప్పినారు. అప్పటినుంచీ కొండకు పోయిన ప్రతిసారీ, నేను మీట లాగి గేరు వేసిన తరువాత కూడా, "రాయి పెట్టినావా?" అని అడిగిగాని నన్ను దిగనివ్వదు. డిక్కీలో ఒక దిమ్మె ఎప్పుడూ ఉంచుతున్నాను.