సృష్టిలో పాఠములు: పైనుండి చూచిన లోయ



మనలో కొందరు జమ్మలమడుగు దగ్గరి గండికోటను చూచియుందురు. పెన్నా నది ఎర్రమల కొండలను నిలువునా కోసిన ఆ లోయ అంచున నిలిచితే నోట మాట రాదు. అటువంటి లోయ సముద్రము నడుమ ఒక చిన్న ద్వీపములో కూడ ఉన్నది. ఈ నెల దానిని గూర్చి ధ్యానించుదము.

ఆ ద్వీపము పేరు మారిషస్. హిందూ మహాసముద్రములో, ఆఫ్రికాకు తూర్పున ఉన్నది. సముద్రగర్భమున పగిలిన అగ్నిపర్వతము నుండి పొంగిన లావా చల్లారి, గట్టిపడి ఏర్పడిన నేల అది. మన తెలుగువారికి ఆ దేశము కొత్తది కాదు. 1834 నుండి చెరకు తోటల పనికి ఓడలెక్కిన లక్షలాదిమంది భారతీయులలో మనవారును ఉన్నారు. గోదావరి తీరమున కోరంగి రేవు నుండి వెళ్లినందున వారిని అక్కడ ‘కోరింగీలు’ అనిరి. వారి మునిమనుమల దేశములో నేటికిని ఉగాది సెలవు దినమే. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి.

ఆ ద్వీపపు నైరుతి భాగమున బ్లాక్ రివర్ లోయలున్నవి. ఏరులు నల్లరాతిని కోసికొనుచు పోగా ఏర్పడిన లోయలు అవి. 1994లో ప్రభుత్వము ఆ అడవిని జాతీయ వనముగా చేసినది. కొండమీది రోడ్డు ప్రక్కన కారు ఆపి నాలుగడుగులు నడిచితే చాలు, లోయ అంతయు కన్నుల యెదుట పరచుకొనును. దిగువన పచ్చని అడవి, దూరమున జలపాతము, ఆవల నీలి సముద్రము! యాత్రికులు చూచి, ఫోటో తీసికొని, దేవుని స్తుతించి వెళ్లిపోవుదురు. స్తుతించుట మంచిదే.

అయితే ప్రియులారా, పైనుండి చూచువారికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. ఆ పచ్చదనమంతయు ఆరోగ్యము కాదు. పరదేశము నుండి తెచ్చిన ఒక జాతి ఎర్రజామ అడవిలో గుబురుగా అల్లుకొని, ఆ దేశపు చెట్ల మొలకలను పైకి లేవనీయక నొక్కివేయుచున్నది. దూరమునకు రెండును పచ్చగానే కనబడును. దిగి చూచినవారికే భేదము తెలియును.

ఆ లోయ కొండచరియలలో ఒక చిన్న డేగ ఉన్నది. ప్రపంచములో మరెక్కడను లేదు. అడవులు నరుకుట చేతను, మలేరియా దోమలకు చల్లిన డి.డి.టి. చేతను, బయటినుండి తెచ్చిన కోతులు, ముంగిసలు గుడ్లను, పిల్లలను తినుట చేతను 1974 నాటికి తెలిసినంతవరకు నాలుగు పక్షులే మిగిలెను! డోడో పక్షి అదే ద్వీపములో ఎన్నడో నశించిపోయినది. దీని పనియు అయిపోయినదని అనేకులు అనుకొనిరి. కాని కొందరు లోయలోనికి దిగిరి. చరియలెక్కి గూళ్లు వెదకిరి. తొలి గుడ్లను తీసికొనిపోయి వెచ్చదనమిచ్చి పొదిగించగా తల్లి మరల గుడ్లు పెట్టెను. ఒక్కొక్క పిల్లనే లెక్కించుచు పెంచి అడవికి విడిచిరి. ఆ నాలుగే వందలైనవి. రోడ్డుమీద నిలిచి చూచినవారి వలన ఇది జరుగలేదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూతము. క్రిస్మస్ ఆరాధన నాడు వేదికమీద నుండి చూచినవారికి సంఘమంతయు పచ్చగా కనబడును. పండుగ అయిన వెంటనే కోసిగి, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల నుండి ఎన్ని కుటుంబములు గుంటూరు మిరప తోటలకు సుగ్గికి పోవునో మనకు తెలియనిది కాదు. కొందరు పత్తి తీయుటకు పండుగకు ముందే పోయియుందురు. బల్లలు ఖాళీ అగును. ఉగాదికి తిరిగి వచ్చువరకు వారి పేర్లు మన ప్రార్థనలో వినబడుచున్నవా? వెంట పోయిన పిల్లవాడు ఏ తరగతిలో బడి మానెను? ఇంటికాడ ఒంటరిగా మిగిలిన అవ్వకు మందులెవరు తెచ్చుచున్నారు? ‘మా సంఘములో నూరు కుటుంబములు’ అని చెప్పుట సులభము. ఒక్కొక్క యింటి గడప ఎక్కుట కష్టము.

రూపాంతరపు కొండమీద పేతురు అక్కడనే పాకలు వేసికొని ఉండగోరెను. ప్రభువైతే కొండ దిగెను. దిగువన వ్యాధిగల కుమారునితో ఒక తండ్రి కనిపెట్టుకొని యుండెను. మత్తయి 17వ అధ్యాయము ఇంటిల్లిపాది చదువుకొనుడి. యెరూషలేమును దూరమునుండి చూచినప్పుడు ఆయన కన్నీరు విడిచెను గాని, చూచి ఊరకొనలేదు. ఆ పట్టణములోనికే నడిచి వెళ్లెను.

కనుక ఈ యేడు ఒక పని చేయుదము. సంఘ పెద్దలును, స్త్రీల సమాజమును కలిసి ఒక నోటు పుస్తకము పెట్టవలెను. ఎవరు సుగ్గికి పోయిరి? పిల్లలను ఎక్కడ ఉంచిరి? సీజనల్ హాస్టలు తెరచిన ఊరిలోనైతే సండే స్కూలు టీచరు వారమునకొకసారి అక్కడికి పోయి పిల్లలను పలుకరించవచ్చును. హాస్టలు లేనిచోట, ఇంటనున్న అవ్వతో పాటు ఆ బిడ్డకును ఒక పూట అన్నము పెట్టి, బడికి పంపుటకు ఒక్కొక్క కుటుంబము ఒక్క బిడ్డను చూచుకొనలేదా? నాలుగు పేర్లతోనైనను మొదలుపెట్టుడి.

ప్రభువా, కొండల అందమును చూచు కన్నులిచ్చితివి. లోయలోనికి దిగు కాళ్లను కూడ మాకు దయచేయుము. ఆమేన్.